ఇరవై ఏడో మంచం తోడు

భర్త సూరిబాబు పోయిన యాభయ్యో రోజున సత్యవేణి మళ్ళీ ఉద్యోగానికి వచ్చింది. ఎవరైనా పలకరిస్తే ఏడుపు ఆగదేమోనని హ్యాండ్‌బ్యాగులో రెండు చేతిరుమాళ్ళు పెట్టుకొచ్చింది గానీ, సాయంత్రానికి అవి పెట్టిన మడత పెట్టినట్టే ఉన్నాయి. లిఫ్టు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. క్యాంటీన్ ఆవిడ అడక్కుండానే టీ పంపింది. అందరూ జాలిగా చూశారు. ఆ జాలి తన మీద కాక ఎవరో పక్కింటావిడ మీద పడుతున్నట్టే అనిపించింది ఆమెకి. పళ్ళ డాక్టరు మత్తు సూది వేశాక పెదవి మనది కాదన్నట్టు ఉంటుంది చూడండి, సత్యవేణికి మనిషంతా అలా ఉంది.

ఆమె పని చేసేది కాకినాడలో, పోర్టుకి వెళ్ళే దారిలో ఉన్న ఒక పెద్ద ఆసుపత్రిలో. డాక్టరూ కాదు, నర్సూ కాదు. మూడో అంతస్తులో నమూనా గది అని బోర్డున్న చోట కూర్చుని కంప్యూటర్లో ఆసుపత్రి కడుతుంది. నేల మీద ఇటుక పడకముందే గోడా, గొట్టమూ, తీగా, తలుపూ అన్నీ అందులో లేస్తాయి. ప్రతి శుక్రవారం నీళ్ళ గొట్టాలవాళ్ళు, ఏసీవాళ్ళు, ఆక్సిజన్‌వాళ్ళు, రోగుల పిలుపు తీగలు చూసే సత్యవేణి ఒక బల్ల చుట్టూ చేరి క్లాష్‌లు ఏరతారు. రెండు వస్తువులు ఒకే చోట ఉంటామని పట్టుబడితే అది క్లాష్. మీ గొట్టం వంచండంటే మీ తీగ వంచండని వియ్యాలవారి పేచీలా మధ్యాహ్నం దాకా సాగుతుంది. ఒకే వస్తువు రెండు చోట్ల ఉండాల్సి వస్తే మాత్రం ఆ జాబితాలో పడదు. గొట్టాలకీ గోడలకీ అలాంటి కష్టం రాదు కాబట్టి దాన్ని పట్టుకునే ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు.

ఇంతవరకూ చాలా ఊళ్ళలో చేస్తున్నదే. ఇక్కడివాళ్ళు కొత్తగా కనిపెట్టిందేమిటంటే, ఆ కంప్యూటర్ భవనంలోకి మనుషుల్ని దింపడం. పాత బ్లాకులో నర్సులకీ, రోగులకీ, వాళ్ళకి తోడొచ్చినవాళ్ళకీ రూపాయి నాణెమంత బిళ్ళలిచ్చారు. ఎవరు ఎప్పుడు పిలిచారు, ఎవరు ఎన్ని సెకన్లలో లేచారు, ఏ మలుపులో ఆగి కబుర్లు చెప్పుకున్నారు, అన్నీ ఏడాది పొడుగునా ఆ బిళ్ళలు రాసుకున్నాయి. ఆ రాతల్లోంచి నీడ మనుషులు పుట్టారు. అసలు మనిషి ఎలా లేస్తే నీడా అలాగే లేస్తుంది, ఎలా బద్ధకిస్తే అలాగే బద్ధకిస్తుంది. హెడ్ నర్సు సువార్తమ్మ గారి నీడైతే మోకాళ్ళ నొప్పితో సహా నడిచేది. మూడొందల మంచాల కొత్త బ్లాకు కట్టే ముందు ఆ నీడల్ని అందులో ఏడాదిపాటు కాపురం పెట్టించి, ఏ పిలుపు ఎక్కడ తప్పిపోతోందో చూసుకోవచ్చు. దానికి నీడ భవనం అని పేరు పెట్టారు.

అందులో తోడు మనుషుల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది సత్యవేణి ఆలోచన. మొదట వచ్చిన లెక్కల్లో రోగి, నర్సు, డాక్టరు, ముగ్గురే ఉన్నారు. తోడు కూర్చునే స్టూలుని సామాన్ల జాబితాలో, చెత్తబుట్ట పక్కన రాశారు.

"మన వార్డులోకి ఎప్పుడైనా వెళ్ళారా సార్?" అని అడిగింది ప్రాజెక్టు పెద్ద చక్రధర్ గారిని. "పేషెంటు మూలిగితే ముందు లేచేది తాలూకు మనిషే. నర్సుని వెతుక్కుంటూ వరండాలో పరిగెత్తేదీ ఆవిడే. సెలైన్ అయిపోతే చెప్పేదీ ఆవిడే. మన ఆసుపత్రిలో అన్నిటికన్నా బాగా పనిచేసే కాలింగ్ బెల్లు ఆ స్టూలు మీద కూర్చుంటుంది. దాన్ని వదిలేసి తీగలు గీసుకుంటున్నాం మనం."

చక్రధర్ గారు బల్ల చరిచారు. నిజంగా గొప్ప మాటే అది. బయటినుంచి పట్టుకొచ్చిన లెక్కల్లో ఎక్కడా లేని మాట. తోడు మనుషులకి కూడా బిళ్ళలిచ్చారు. పాత బ్లాకు తూర్పు వార్డులో ముప్పై మంచాలకి కొత్త పద్ధతి పెట్టి చూశారు. బెల్లు మోత తీసేశారు, వార్డు గుడిలా నిశ్శబ్దమైపోయింది. రోగి మీట నొక్కితే పిలుపు ముందు తోడు మనిషి బిళ్ళకి వెళ్తుంది. బిళ్ళ కదులుతుంది. దాన్ని నొక్కితే అందినట్టు. ఇంక నర్సుకి పిలుపు వెళ్ళదు, తెర మీద చుక్కా, మంచం తల దగ్గర దీపమూ పచ్చగా మారతాయి. తోడు మనిషి వచ్చి చూసి, అవసరమైతే రెండోసారి నొక్కి నర్సుని రప్పిస్తుంది. నర్సులు సగం నడక మిగిలిందని సంతోషించారు.

ఆ సంబరంలోనే సూరిబాబుకి జబ్బు చేసింది. పోర్టులో క్రేన్ నడిపే మనిషి, నలభై ఆరేళ్ళలో ఏనాడూ జ్వరం ఎరగడు. ఒక పొద్దున కాళ్ళు తిమ్మిరన్నాడు, మూడో రోజుకి చేతులు లేవలేదు, అయిదో రోజుకి ఊపిరి అందలేదు. నరాల జబ్బన్నారు. తగ్గేదే, కానీ ఆరు నెలలు పడుతుందన్నారు. గొంతుకి చిల్లుపెట్టి గొట్టం వేశారు. మాట లేదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే కదిలేది. నెలన్నర ఐసీయూలో ఉంచి, తూర్పు వార్డు ఇరవై ఏడో మంచానికి మార్చారు. మార్చిన రోజే మానిటర్ తీసేశారు, కోలుకుంటున్నాడని.

సత్యవేణి పగలు స్టూలు మీదే ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని పని చేసుకునేది. గొట్టంలో కఫం అడ్డుపడితే యంత్రంతో లాగడం సువార్తమ్మ గారు నేర్పారు. రోజుకి నలభై సార్లు వేలు మీట మీద పడేది. దాహం, దోమ, దిండు, కఫం, ఏమీ లేకపోతే ఊసుపోక. బిళ్ళ కదలగానే బొటనవేలు దాన్ని నొక్కడం, ఆమె లేవడం, రెండూ ఒకే పనిగా అలవాటైపోయాయి. నాలుగు సెకన్లు పట్టేది. పక్క మంచాలవాళ్ళు కదిలినా ఆమే లేచేది.

తర్వాత ఆ మీటింగు వచ్చింది. కొత్త బ్లాకు కట్టించే బోర్డువాళ్ళకి నీడ భవనం చూపించాలి, చూపించాల్సింది సత్యవేణి. పై అంతస్తే కదా, అరగంటే కదా అనుకుంది. వార్డులో అందరూ చేసేదే తనూ చేసింది. ఇరవై ఎనిమిదో మంచం తాలూకు ముసలమ్మతో, "కాస్త మా ఆయన్ని చూస్తుండండి పిన్నిగారూ" అని చెప్పి వెళ్ళింది. పాతరోజుల్లోలాగా బెల్లు మోగితే ముసలమ్మ లేచేదే. ఇప్పుడు మోత లేదు. ఆవిడ తన మనవరాలికి జడ వేస్తూ అటు తిరిగి కూర్చుంది.

పదకొండు గంటల ఇరవై నిమిషాలకి సత్యవేణి నడుం దగ్గర బిళ్ళ కదిలింది. బొటనవేలు నొక్కింది. గోడ మీది పెద్ద తెరలో తూర్పు వార్డు కనిపిస్తోంది. ఇరవై ఏడు దగ్గర ఎర్రచుక్క పచ్చగా మారింది. "చూడండి, రెండు సెకన్లలో పిలుపు అందింది" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. అది ఆయన పిలుపని ఆమెకి తెలుసు. దిండు జారి ఉంటుంది, రెండు ముక్కలు చెప్పి వెళ్దామనుకుంది. ఒకాయన ప్రశ్న అడిగాడు. ఇంకొకాయన అడిగాడు. తన ఆలోచన గురించి తనని అడుగుతున్నారు. ఆమెకి బాగుంది. ఈ సంగతి దాచడం ఎందుకు, ఆమెకి చాలా బాగుంది.

పదకొండు నిమిషాల తర్వాత వార్డుకి వచ్చింది. గొట్టంలో కఫం అడ్డుపడి, ఊపిరి ఆగిపోయి ఉంది.

అందరూ ఏం జరిగిందని అడిగారు. పదిహేడేళ్ళ కూతురు లహరి కాలేజీ నుంచి పరిగెత్తుకొచ్చి, "నాన్న పిలవలేదా అమ్మా?" అని అడిగింది. "పిలుపు రాలేదమ్మా. మీట పని చెయ్యలేదు" అంది సత్యవేణి. ఆ మాట నోటంట ఎలా వచ్చిందో ఆమెకి తెలీదు. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి పనికొచ్చే మాట మరొకటి దొరకలేదు.

* * *

యాభై రోజుల తర్వాత చక్రధర్ గారు కుర్చీ లాగి పక్కన కూర్చున్నారు. మంచి మనిషి. కర్మకాండలకి అన్ని రోజులూ వచ్చారు.

"సత్యవేణి గారూ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదు. కానీ పిలుపుల నక్షా మీద మీ సంతకం లేకుండా పని ముందుకి వెళ్ళదు. ఒకసారి చూడండి."

నీడ భవనం తెరిచారు. అందులో కొత్త బ్లాకు అయిదంతస్తులూ పూర్తయి ఉన్నాయి. మూడొందల మంచాలు, మూడొందల స్టూళ్ళు. కాలం గబగబా నడిచేలా పెట్టారు. మంచాల దగ్గర ఎర్రచుక్కలు పుడుతున్నాయి, పుట్టినవి పుట్టినట్టే పచ్చబడుతున్నాయి. ఎర్రగా మిగిలింది ఒక్కటీ లేదు.

"ఇదివరకు అంతస్తుకి మూడు నర్సు బల్లలు కావాలని చూపించేది. ఇప్పుడు ఒకటి చాలంటోంది" అన్నారాయన.

"ఎలా?"

చక్రధర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "తోడు మనుషులందరిలోకీ బాగా లేచేవాళ్ళని అదే వెతుక్కుంది. ఒక నీడని నమూనాగా ఎంచుకుని అన్ని మంచాలకీ పెట్టింది. అది... ఇరవై ఏడో మంచం తోడు."

సత్యవేణి దగ్గరికి జరిగి చూసింది. తెలిసిపోయింది. కుడికాలు ముందు పెట్టి లేవడం, మంచం కమ్మీ ఒకసారి తాకి వంగడం. మూడొందల స్టూళ్ళ మీదా తనే. ఒక్కో అంతస్తులో అరవై మంది సత్యవేణులు లేస్తున్నారు, వంగుతున్నారు, కూర్చుంటున్నారు. వాళ్ళలో ఒక్కతీ తిండికి వెళ్ళదు, ఒక్కతీ స్నానానికి వెళ్ళదు, ఒక్కతీ మీటింగుకి వెళ్ళదు. ఆమెకి గర్వమూ కలగలేదు, భయమూ కలగలేదు.

"ఇరవై ఏడు చూపించండి" అంది.

ఉన్నాడు. నీడ సూరిబాబు. ముఖం లేదు, బూడిదరంగు ఆకారమంతే. మీట మీద వేలు పెట్టి పడుకున్నాడు. పిలిచాడు. నీడ సత్యవేణి లేచింది. నాలుగు సెకన్లు.

"శుక్రవారానికి చూసి చెప్తాను" అంది.

చూసి చెప్పడానికి నిజానికి ఏమీ లేదు. రోజూ మధ్యాహ్నం క్యాంటీన్‌కి వెళ్ళకుండా తలుపు వేసుకుని, ఇరవై ఏడు తెరిచి, కాలాన్ని మామూలుగా నడవనిచ్చి కూర్చునేది. ఆయన పిలుస్తాడు, తను లేస్తుంది. పిలుస్తాడు, లేస్తుంది. ఒక్కోసారి గంట సేపు పిలవడు, నిద్రపోతున్నాడు కాబోలని ఈమె కుర్చీ చప్పుడు కాకుండా కూర్చునేది. ఇంటికి వెళ్ళాక అన్నం వండేది, వడ్డించేది. లహరి ఒక రోజు కంచంలో చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"అమ్మా, ఉప్పు రెండుసార్లు వేశావు."

"అవునా."

"నువ్వు తిన్నావు కదా. తెలీలేదా?"

తెలీలేదు. లహరి లేచి మజ్జిగ తెచ్చి తల్లి కంచంలో పోసింది. గిన్నె కింద పెట్టి అంది, "మీటలు చేసినవాళ్ళ మీద కేసు వేద్దామమ్మా. మా ఫ్రెండు వాళ్ళ బాబాయి లాయరు. పని చెయ్యని మీట పెట్టి నాన్నని చంపేశారు వాళ్ళు. నువ్వు మాట్లాడకపోతే నేను మాట్లాడతాను."

"చూద్దాంలే" అంది సత్యవేణి. ఆ రాత్రి మజ్జిగన్నం రుచి కూడా తెలియలేదు ఆమెకి.

గురువారం సువార్తమ్మ గారు మూడో అంతస్తుకి వచ్చారు. ముప్పై ఏళ్ళు వార్డుల్లో నడిచిన మోకాళ్ళు, మెట్లెక్కేసరికి ఆయాసం. అమలాపురం వైపు మనిషి. లిఫ్టు రోగులకోసమని ఎక్కదు. తెర మీద ఇరవై ఏడో మంచం తెరిచి ఉండటం చూసింది.

"ఏవమ్మా వేణమ్మా, తిన్నావా? తినుండవు. ఆయ్, నాకు తెలుసు" అంటూ సంచీలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "పూతరేకులు. మా చెల్లెలు పంపింది. తిను, తింటా విను. ఒక మాట చెప్పాలి నీకు."

"చెప్పండి సిస్టరుగారూ."

"పంతొమ్మిదో మంచం తాలూకు పిల్ల మందుల కొట్టుకెళ్ళిందమ్మా, కిందకి. లైన్లో నిలబడింది. బిళ్ళ కదిలింది. నొక్కేసింది. అక్కడే నిలబడింది. తన వంతొచ్చేస్తంది కదా మరి. ఈలోగా ఆ పెద్దాయన బాత్‌రూమ్‌కెల్దామని మంచం దిగి పడిపోయాడు. తలకి ఆరు కుట్లు. బతికాడులే, దేవుడు గొప్పోడు. ఎందుకు నొక్కావే అనడిగితే ఆ పిల్లేవందో తెలుసా? 'నొక్కకపోతే అది కదుల్తానే ఉంటాదండి' అంది."

సత్యవేణి డబ్బా మూత మూసింది.

"మా బల్ల మీదేమో పచ్చచుక్క. పచ్చచుక్కుంటే మేం లేవకూడదంట, రూలంట. ఇదివరకు బెల్లు మోగితే నలుగురం తిట్టుకుంటా అయినా లేచేవాళ్ళం. ఇప్పుడు అందరం చల్లగా కూచుంటన్నాం. నేను చదువుకున్నదాన్ని కాదమ్మా ఆ కంప్యూటర్లవీ, నాకు తెలీదు. కానీ ఆ కొత్త బిల్డింగులో మూడొందల మంచాలకీ ఇదే పెడతారంటగా. ఆ పంతొమ్మిదో మంచం పిల్ల లాంటోళ్ళు మూడొందల మంది." ఆవిడ లేచి మోకాళ్ళు పట్టుకుంది. "నీ కష్టంలో నీకిది చెప్పకూడదు. కానీ గీసేది నువ్వు. ఇంకెవరికి చెప్పను?"

ఆవిడ వెళ్ళాక సత్యవేణి ఒక పూతరేకు నోట్లో పెట్టుకుంది. కాగితం నమిలినట్టుంది. నములుతూ ఒక సంగతి ఆలోచించింది. బిళ్ళ నొక్కి లేవని తోడు మనుషులు నిజం వార్డులో ఉన్నారు. నీడ భవనంలో ఒక్కరూ ఎందుకు లేరు? పంతొమ్మిదో మంచం సంగతి నిన్నమొన్నటిది, నీడల్లోకి ఇంకా ఎక్కి ఉండదు. కానీ తన పదకొండు నిమిషాలు ఎక్కి ఉండాలి. నమూనాగా ఎంచుకున్నదే తన నీడని. మరి ఆ నీడ ఎప్పుడూ ఎందుకు లేస్తోంది?

రోజుల పట్టీ తెరిచి చూసింది. ఏడాదిలో తొమ్మిది రోజులు పక్కకి తీసేసి ఉన్నాయి. తుఫాను వచ్చిన రెండు రోజులు, సిబ్బంది సమ్మె చేసిన అయిదు రోజులు, కరెంటు పోయిన ఒక రోజు. తొమ్మిదోది మీటింగు జరిగిన రోజు. అన్నిటికీ ఒకే కారణం రాసి ఉంది. అసాధారణ దినం.

శుక్రవారం పొద్దున్నే చక్రధర్ గారి గదికి వెళ్ళి, నిలబడే అడిగింది. "ఆ రోజుని తీసేసింది మీరేనా సార్?"

ఆయన తలుపు మూసి వచ్చారు. "నేనే. పట్టీలో మీ బిళ్ళ నొక్కిన సమయం ఉంది సత్యవేణి గారూ. చూశాను. ఇంకెవరూ చూడలేదు. ఆసుపత్రి వేసిన విచారణ కమిటీ కూడా పిలుపు అందిందని మాత్రమే రాసింది, ఎవరికందిందో రాయలేదు. మీ మేలు కోరే తీశాను."

"తెలుసు సార్. కానీ దాన్ని తీసేశాక మిగిలింది నేను కాదు. ఎప్పుడూ లేచే మనిషి. అలాంటి మనిషిని మూడొందల స్టూళ్ళ మీద కూర్చోబెట్టి నర్సుల్ని ఇంటికి పంపేస్తున్నాం."

"తప్పు మీ ఒక్కరిదీ కాదు. పద్ధతి పెట్టింది నేను, ఒప్పుకున్నది బోర్డు, మోత తీసేయమన్నది డాక్టర్లు. తిలా పాపం తలా పిడికెడు."

"నా పిడికెడు నేను రాసుకుంటాను. ఆ రోజుని మళ్ళీ లోపల పెట్టండి."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. "పెడితే ఏమవుతుందో తెలుసు కదా. నమూనాగా ఎంచుకున్న నీడ ఏ రోజుల్లోంచి పుట్టిందో నివేదికలో రాయాలి. బిళ్ళ నంబరు, పేరు, పదకొండు నిమిషాలు, అన్నీ ఉంటాయి. బోర్డు చదువుతుంది. ఊరంతా చదువుతుంది. మీకు ఎదిగిన ఆడపిల్ల ఉంది. ఆ పిల్ల చదువుతుంది."

"ఆ పిల్లకి నేనే ముందు చెప్తాను. రేపు సాయంత్రం లోపల మీకు పంపిస్తాను."

అంత ధైర్యంగా అన్నది గానీ ఆమెలో ధైర్యమేమీ లేదు. ఇంకో సంగతి కూడా ఉంది, అది చక్రధర్ గారికి చెప్పలేదు. ఆ రోజుని లోపల పెడితే ఇరవై ఏడో మంచం మీది మనిషి అక్కడా పోతాడు, ఇంక రోజూ మధ్యాహ్నం ఆమెకి దొరకడు.

* * *

శనివారం మూడు గంటలకి లహరి కాలేజీ బ్యాగుతోనే వచ్చింది. నమూనా గది ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. అటూ ఇటూ చూసి, "ఇంత చిన్న గదిలోనా అమ్మా అంత పెద్ద ఆసుపత్రి కట్టేది?" అంది. సత్యవేణి కూర్చోమంది. నీళ్ళ సీసా ఇచ్చింది. ఎలా మొదలుపెట్టాలో రెండు రోజుల నుంచీ ఆలోచించింది గానీ, తీరా నోరు తెరిచేసరికి ఆలోచించుకున్నదేదీ రాలేదు.

"లహరీ, మీట పని చేసింది."

"ఏ మీట?"

"నాన్నది. పిలుపు నాకు వచ్చింది. నేను బిళ్ళ నొక్కాను. లేవలేదు."

లహరి చేతిలో సీసా మూత సగం తిప్పి ఉంది. "ఎందుకు లేవలేదు?"

"మాట్లాడుతున్నాను, మీటింగులో. రెండు ముక్కలు చెప్పి వెళ్దామనుకున్నాను. పదకొండు నిమిషాలైంది."

"రెండు ముక్కలకి పదకొండు నిమిషాలా అమ్మా?"

"అవును."

ఆ పిల్ల అరుస్తుందనుకుంది. అరిస్తే బాగుండుననీ అనుకుంది. లహరి సీసా బల్ల మీద పెట్టి, "చూపించు" అంది.

"వద్దమ్మా. చెప్పడానికే పిలిచాను."

"నువ్వు రోజూ చూస్తున్నావంట కదా. సువార్తమ్మ గారు చెప్పారు. నాకూ చూపించు."

సత్యవేణి తీసేసిన రోజుని మళ్ళీ లోపల పెట్టి, పాత బ్లాకు తూర్పు వార్డు తెరిచింది. కాలాన్ని మామూలుగా నడవనిచ్చింది. పదకొండు ఇరవై. బూడిదరంగు వేలు మీట మీద పడింది. ఎర్రచుక్క, పచ్చచుక్క. స్టూలు ఖాళీ. పై అంతస్తులో ఒక గదిలో నీడ సత్యవేణి నిలబడి చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. ఇరవై ఎనిమిది దగ్గర ముసలమ్మ నీడ అటు తిరిగి కూర్చుంది. నర్సు బల్ల దగ్గర ముగ్గురు నీడలు కదలకుండా ఉన్నారు. అంతే. పదకొండు నిమిషాలూ చూడ్డానికి ఇంకేమీ లేదు. తల్లీకూతుళ్ళిద్దరూ చూశారు. పదకొండో నిమిషంలో నీడ సత్యవేణి మెట్లు దిగుతుంటే తెర ఆపేసింది.

లహరి ఇంకా తెర వంకే చూస్తోంది.

"ఒక్కసారే నొక్కాడేంటి నాన్న?"

సత్యవేణికి వెంటనే అర్థం కాలేదు.

"రోజుకి నలభై సార్లు నొక్కేవాడు కదా. నేను కూర్చున్న ఆదివారాలైతే దోమ వాలినా నొక్కేవాడు. ఊపిరి ఆడకపోతే మళ్ళీ నొక్కడా? పదకొండు నిమిషాల్లో ఒక్కసారే నొక్కి ఊరుకున్నాడేంటి?"

ఇన్ని రోజుల్లో సత్యవేణి తనని తాను అడగని ప్రశ్న అది. చుక్కని చూసింది, సమయాన్ని చూసింది, తనని చూసుకుంది. ఆయన వేలిని చూడలేదు. జవాబు మాత్రం వెతుక్కోనక్కరలేదు, ఆమెకి తెలుసు. ఆ ఏర్పాటు చేయించింది తనే.

"మంచం తల దగ్గర చిన్న దీపం ఉంటుంది లహరీ. ఇక్కడ నేను బిళ్ళ నొక్కగానే అక్కడ పచ్చగా వెలుగుతుంది. మనిషి బయల్దేరిందని గుర్తు. పిలిచినవాళ్ళు కంగారుపడి మళ్ళీ మళ్ళీ నొక్కకుండా పెట్టించాం."

"అంటే నువ్వు వస్తున్నావనుకున్నాడు."

"అవును."

"అందుకని నొక్కలేదు."

"అవును."

"పదకొండు నిమిషాలూ?"

"ఎంతసేపు తెలివిలో ఉన్నాడో తెలీదమ్మా. ఉన్నంతసేపూ."

లహరి కుర్చీ వెనక్కి తోసి బయటికి వెళ్ళిపోయింది. వరండాలో ఆ పిల్ల ఏడుపు వినిపించింది. చిన్నప్పుడు స్కూల్లో పడి చెయ్యి విరిగినప్పటిలాగా, గొంతెత్తి, ఎవరైనా వింటారేమోనన్న సిగ్గు లేకుండా ఏడుస్తోంది. సత్యవేణి లేచి తలుపు దాకా వెళ్ళింది. తను వెళ్తే ఊరుకుంటుందో, ఇంకా ఏడుస్తుందో తెలియలేదు. గడప దగ్గర నిలబడింది. యాభై అయిదు రోజుల్లో మొదటిసారి ఛాతీలో నొప్పి పుట్టింది. అది తన నొప్పేనని గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. వెనక్కి వచ్చి కూర్చుని నివేదిక తెరిచింది.

ఆ రోజు లోపల ఉండగా కొత్త బ్లాకుని ఏడాదిపాటు నడిపించి చూసింది. ఎక్కువసేపు పట్టలేదు. మూడొందల మంది సత్యవేణుల్లో ఒక్కొక్కతీ ఏదో ఒక రోజు బిళ్ళ నొక్కి లేవలేదు. ఎర్రచుక్క ఒక్కటీ లేదు, అన్నీ పచ్చగానే ఉన్నాయి, మంచాల దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. కారణం రాయాల్సిన చోట ఆమె ఇలా రాసింది. 'తోడు మనిషిని పిలుపు ఏర్పాటులో భాగంగా లెక్కించకూడదు. అంతస్తుకి మూడు నర్సు బల్లలూ, బెల్లు మోతా తిరిగి పెట్టాలి. పాత బ్లాకు తూర్పు వార్డులో ఈ ఏర్పాటు వెంటనే ఆపాలి. ఇరవై ఏడో మంచం తోడు మనిషి పిలుపు అందుకుని పదకొండు నిమిషాలు వెళ్ళలేదు. ఆ తోడు మనిషి ఈ నక్షా గీసిన సత్యవేణి.'

లహరి లోపలికి వచ్చింది. ముఖం కడుక్కుని వచ్చింది, జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. ఇందాక కూర్చున్న కుర్చీలో కాక గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చుంది. తెర మీదున్నది అక్కణ్ణుంచే చదివింది.

"పంపించావా?"

"ఇంకా లేదు."

"పంపించెయ్."

సత్యవేణి పంపించింది. కంప్యూటర్ కట్టేసి, పూతరేకుల డబ్బా సంచీలో పెట్టుకుంది. లహరి బ్యాగు భుజానికి తగిలించుకుని తలుపు తీసి పట్టుకుంది. తల్లి బయటికి వచ్చేదాకా అలాగే నిలబడింది.

"పద" అంది. అమ్మా అనలేదు.